ఓబెద్ మామయ్యకి బేస్ చాలదు

మా ఓబెద్ మామయ్య దృష్టిలో ఈ భూమ్మీద ఉన్న ప్రతి వస్తువుకీ, ప్రతి మనిషికీ ఒకటే జబ్బు. బేస్ తక్కువ.

బేస్ అంటే పాట అడుగున దడదడలాడే లావు మోత కదా, ఇదేదో పాటల సంగతి అనుకుంటే మీరు మా మామయ్యని సరిగ్గా అంచనా వెయ్యలేదన్నమాట. లేవియా అత్తయ్య పొద్దున్నే లేచి, కంద కోరి, కొబ్బరిపాలు పోసి, ఆకుల్లో చుట్టి, కాలిన రాళ్ళ మధ్య పెట్టి లాప్‌లాప్ చేస్తుంది. మామయ్య ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలి, బాగుంది గానీ కొంచెం బేస్ తక్కువైందంటాడు. చర్చిలో పాస్టరు గంటన్నర ప్రసంగించి చెమట తుడుచుకుంటూ బయటికొస్తే ఆయన చెయ్యి పట్టుకుని అదే మాట. పక్కింటివాళ్ళకి కొడుకు పుట్టాడని చూడబోయాం. వాడు రేవు దాకా వినబడేట్టు ఏడుస్తున్నాడు. మామయ్య వాడి పొట్టకి చెవి ఆనించి, "గొంతంతా పైనే ఉందమ్మా, కిందేమీ లేదు" అని దిగులుగా చెప్పాడు. ఆ పిచ్చితల్లి మర్నాడే పిల్లాణ్ణి డాక్టరుకి చూపించింది.

నేను సముద్రం దాటి పోయి సువాలో చదువుతున్న చదువు మధ్యలో వదిలేసి మా ఊరు పోర్ట్ విలా తిరిగొచ్చినప్పుడు అమ్మ ఏడ్చింది, నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. మామయ్య ఒక్కడే నా పక్షాన నిలబడ్డాడు. "వాడి తప్పేం లేదక్కా. ఆ చదువులో బేస్ లేదు" అన్నాడు మా అమ్మతో. ఆ చదువేమిటో ఆయనకి తెలీదు. నాకూ పూర్తిగా తెలీలేదు కాబట్టే వదిలేశాను.

మామయ్యకో మినీబస్సు ఉంది. దాని వెనక సీటు కింద శవపేటికంత స్పీకరు బిగించాడు. బస్సు మలుపులో ఉండగానే ఆగేచోట నిలబడ్డవాళ్ళ అరికాళ్ళకి కబురందుతుంది. మార్కెట్లో కోడిగుడ్లు కొన్నవాళ్ళు మా బస్సెక్కరు. కొత్తగా పళ్ళు కట్టించుకున్నవాళ్ళూ ఎక్కరు. నడుంనొప్పి ముసలాళ్ళు మాత్రం ఏరికోరి ఎక్కి, వెనక సీట్లో వెన్ను ఆనించి, దిగాల్సినచోట దిగకుండా ఊరంతా ఇంకో చుట్టు తిరిగి వెళ్తారు.

నేను ఆ బస్సుకి డ్రైవరైన వైనం చెప్పాలి. వచ్చిన కొత్తల్లో పనీపాటా లేక ముందు సీట్లో కూర్చుని ఊరు తిరిగేవాణ్ణి. ఒకరోజు సముద్రం ఒడ్డున బస్సాపి ఉన్నాం. ఎదురుగా కనిపించే ఇఫీరా దీవి నుంచి వచ్చిన పడవలో ఎవరో ముసలావిడ జారిపడింది, తుంటి విరిగింది, ఆసుపత్రికి తీసుకెళ్ళాలని నలుగురు మోసుకొస్తున్నారు. తీరా చూస్తే ఆవిడ లేమాస్ అవ్వ, అంటే లేవియా అత్తయ్య కన్నతల్లి. మామయ్యకి పిల్లనిచ్చిన అత్త.

మేం పామా దీవి వాళ్ళం. మాలో అల్లుడన్నవాడు పిల్లనిచ్చిన అత్తకి ఎదురుపడకూడదు. ఆవిడ పేరెత్తకూడదు, ఆవిడ గురించి నలుగురిలో ప్రస్తావన తేకూడదు. దారిలో వస్తుంటే పక్కనున్న పొదలోకి తప్పుకోవాలి. బస్సులో పొదలేవి? తలుపు తీస్తే ఎదురుపడాల్సిందే. మామయ్య ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, అంత పొట్టతోనూ డ్రైవరు కిటికీలోంచి అవతలికి దూకేశాడు. "నడుపు" అన్నమాట ఒక్కటే లోపలుండిపోయింది. నేను నడిపాను. మామయ్య ఆసుపత్రి దాకా బస్సు వెనకే పరిగెత్తుకొచ్చాడు. అవ్వని లోపలికి మోసుకెళ్ళాక ఒక మామిడిచెట్టు వెనకనుంచి ఎగరొప్పుతూ బయటపడి, స్పీకరు ఆపావా అని అడిగాడు. ఆపానన్నాను.

"మంచిపని చేశావు. తుంటి విరిగినవాళ్ళకి బేస్ పడదు" అన్నాడు.

మనిషి జీవితంలో బేస్ ఎక్కువైన సందర్భం ఒకటుందని ఆయన ఒప్పుకోవడం నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు. అప్పట్నుంచీ అవ్వ ఇఫీరాలో తన ఇంటి వరండా దాటలేదు. నేను బస్సు దిగలేదు.

ఇంత పిచ్చి ఉన్న మనిషికి ఒక దేవుడుండాలి కదా. ఉన్నాడు. పేరు కల్మెత్. లేవియా అత్తయ్య తమ్ముడు, రేవులో ఓడలకి తాళ్ళు కట్టే పని. సాయంత్రాలు ఉప్పుగాలి బాయ్స్ అనే పాటల జట్టులో బేస్ వాయిస్తాడు. మా జట్ల బేస్ అంటే కరెంటుతో నడిచే గిటారు కాదు. బోర్లించిన చెక్కపెట్టె, దాని మీద నిలబెట్టిన కర్ర, కర్ర కొసనుంచి పెట్టె నడిమికి బిగించిన ఒకే ఒక్క తాడు. కర్రని వెనక్కి లాగితే ఒక స్వరం, వదిలితే ఒకటి. ముందు వరసలో యుకలేలీలనే చిట్టి గిటార్లూ, పెద్ద గిటార్లూ పట్టుకుని పది మంది, ఎవరో గిల్లినట్టు సన్నగొంతులతో పాడతారు. వాళ్ళ వెనక కల్మెత్ ఎవరికీ కనబడడు. కర్ర కొస అటూ ఇటూ ఊగుతుంటే అక్కడో మనిషున్నాడని తెలుస్తుంది, అంతే. ఒకసారి ఒకమ్మాయి జట్టుతో ఫొటో దిగాలని ఉబలాటపడి, ఫోను కల్మెత్ చేతికే ఇచ్చి తియ్యమంది. అతను బుద్ధిగా తీసిచ్చాడు.

మామయ్య దృష్టిలో పసిఫిక్ సముద్రం మొత్తానికి అంతటి బేస్ వాయిద్యగాడు లేడు. బస్సులో ఎవరైనా వేరే జట్టు బేస్ బాగుందంటే అక్కడికక్కడ బస్సాపించి, ఆ మాట వెనక్కి తీసుకునేదాకా కదలనిచ్చేవాడు కాదు. కల్మెత్ ఎదురుగా మాత్రం పొగిడేవాడు కాదు. బావా బామ్మర్దుల వ్యవహారం కదా. "ఏరా, ఆ కర్రని నువ్వు లాగుతున్నావా, అది నిన్ను లాగుతోందా?" అనేవాడు. కల్మెత్ నెమ్మదస్తుడు. "ఒక్కసారి ఆఖరిదాకా ఉండి చూస్తే నీకే తెలుస్తుంది బావా" అని ఊరుకునేవాడు.

ఆ మాటలో ముల్లుంది. ఎందుకంటే మామయ్య ఎప్పుడూ ఆఖరిదాకా ఉండలేదు. ఆఖరిదాకా ఏమిటి, మొదటి పాట పూర్తయ్యేదాకా కూడా ఉండలేదు.

సముద్రపు ఒడ్డున పార్కులో టిక్కెట్టు లేని కచేరీ ఎప్పుడు పెట్టినా వరస ఇదీ. అందరికంటే ముందు మామయ్య వచ్చేస్తాడు. సౌండు టెంటులో దూరి, అక్కడ మీటలు తిప్పే కుర్రాడి ప్రాణం తోడేస్తాడు. ఉప్పుగాలి బాయ్స్ పాట ఎత్తుకునేసరికి మాయమవుతాడు. కాసేపటికి మోకాళ్ళ దాకా తడిసి, రొప్పుకుంటూ ప్రత్యక్షమై, "బేస్ వినబడటం లేదు" అని టెంటులో గొడవ చేస్తాడు. మళ్ళీ మాయం. కావా అనే మత్తువేరు రసం అమ్మే గుడిసెకి వెళ్ళి తాగి, దారిలో గుంటలో పడి వస్తున్నాడని ఊరంతా తేల్చేసింది. అత్తయ్యకైతే అనుమానం కూడా లేదు, నమ్మకమే. నా తమ్ముడు వాయిస్తుంటే నీకు ఆ చేదు నీళ్ళు ముఖ్యమయ్యాయా అని ఇంటికొచ్చాక దులిపేసేది. మామయ్య ఒక్కసారి కూడా కాదనలేదు. తల వంచుకుని, తిట్టులో బేస్ తక్కువైందన్నట్టు వినేవాడు.

కిందటేడు స్వాతంత్ర్య దినం కచేరీలో ప్రమాదం జరిగింది. టెంటు కుర్రాడు టీ కోసం పక్కకెళ్ళినప్పుడు మామయ్య బేస్ మీట పట్టుకుని తిరిగినంత మేర తిప్పేశాడు. వేదిక పక్కన ఎత్తు మీద ప్లాస్టిక్ కుర్చీలో కమిటీ అధ్యక్షురాలు మదాం రొసెల్ కూర్చుని ఉంది. కుర్చీ ఆవిడతో సహా నడవడం మొదలుపెట్టింది. అంగుళం అంగుళం జరుగుతూ అంచుదాకా వెళ్ళింది. ఆవిడ చప్పట్లు కొడుతూనే, మునిగిపోతున్న ఓడలాగా హుందాగా, నెమ్మదిగా మా కంటికి కనబడకుండా పోయింది.

ఈ ఏడు కమిటీ రెండు నిర్ణయాలు చేసింది. ఒకటి, టెంటు చుట్టూ తాడు కట్టి కాపలా పెట్టడం. రెండోది, బేస్ పని కీబోర్డుకి అప్పజెప్పి చెక్కపెట్టెకి మైకు తీసెయ్యడం. సౌండు చూడటానికి సాంటో దీవి నుంచి పత్రిస్ అనే కొత్త మనిషిని పిలిపించారు. పత్రిస్ కల్మెత్ పెట్టె చుట్టూ తిరిగి చూసి, దీనికి వైరు ఎక్కడ పెట్టాలి, మూతి ఏదీ అన్నాడట. కల్మెత్ వచ్చి ఈ సంగతి చెప్పి, "పెట్టె తీసుకెళ్తాను. వెనకాల నిలబడి కర్ర ఊపుతాను. వినబడకపోతే మానె" అన్నాడు. అన్నాడే గానీ, పెట్టె తాడుని వేలితో అలా నిమురుతూనే ఉన్నాడు.

మామయ్య బస్సుని పూర్తిగా నాకొదిలేసి ఆ వారమంతా కమిటీ ఆఫీసు మెట్లమీదే కాపరం పెట్టాడు. ఆఖరికి మదాం రొసెల్ లోపలికి పిలిచింది. నేనూ వెంట వెళ్ళాను.

"మీకు మైకు కావాలి. నాకు మీరు కనబడకూడదు" అందావిడ.

మామయ్య టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "టెంటు దగ్గరికి రానమ్మా."

"టెంటు కాదు. పార్కులోనే అడుగు పెట్టకూడదు. పెట్టనంటే చెప్పండి, మైకిస్తాను."

ఇక ఆవిడకి మూడిందనుకున్నాను. మామయ్య బుర్ర గోక్కుని, సరే అన్నాడు.

మదాం రొసెల్‌కే ఎలాగో అనిపించినట్టుంది. "మీ బామ్మర్ది వాయిస్తుంటే చూడొద్దా మీరు?" అని అడిగింది.

"వినబడితే చాలమ్మా" అన్నాడు.

బయటికొచ్చాక నేను ఊరుకోలేదు. నాకు ఊరుకోవడం రాదు. దేశంలో కల్లా గొప్పవాడంటావు, ఒక్కసారీ చూడవు, ఇప్పుడు చూడనని రాజీ పడొచ్చావు, నీకు నిజంగానే కావా బుర్రకెక్కిందా అని అడిగేశాను. మామయ్య కచేరీ రోజు నన్ను పత్రిస్ దగ్గర నిలబడమన్నాడు. తను ఫోను చేసి తక్కువంటే నేను తక్కువనాలి. చాలంటే చాలనాలి.

"మరి నువ్వెక్కడుంటావు?"

"దూరంగా."

"దూరమంటే?"

"బేస్ ఎంత దూరం పోవాలో అంత దూరం" అని బస్సెక్కేశాడు.

కచేరీ రోజు పార్కులో ఇసక వేస్తే రాలనంత జనం. వేదిక వీపు సముద్రానికి పెట్టి కట్టారు. స్పీకర్ల మూతులన్నీ ఊరివైపు. ఉప్పుగాలి బాయ్స్‌కి రెండు వంతులు. నాలుగింటికి ఒకటి, ఉపన్యాసాలయ్యాక పొద్దుగుంకే వేళకి ఇంకొకటి. నాలుగింటికి పాట మొదలవగానే నా ఫోను మోగింది.

"తక్కువ" అన్నాడు మామయ్య.

పత్రిస్‌తో చెప్పాను. మొహం చిట్లించి మీట కొంచెం తిప్పాడు. మళ్ళీ ఫోను. మళ్ళీ తక్కువ. పత్రిస్ ఇంకొంచెం తిప్పాడు. నా కడుపులో తిన్నది కదలడం మొదలైంది. ఇంకా తక్కువేనంటాడు మామయ్య.

"మీ మామయ్య ఎక్కడుండి వింటున్నాడు, ఆస్ట్రేలియాలోనా?" అన్నాడు పత్రిస్.

నాకూ ఆ అనుమానమే వచ్చింది. ఫోనులో వెనక కావా గుడిసె సందడేమీ లేదు. కోడిపుంజు కూసింది. ఎవరో చెంప మీద దోమని కొట్టుకున్నట్టు చప్పుడైంది. ఇంతలో పార్కులో జనమంతా ఒక్కసారే వీడియోలు పంపడం మొదలుపెట్టారేమో, ఫోను చచ్చిపోయింది. మొదటి వంతు అయిపోయింది. ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఉపన్యాసం మొదలైతే నేను కూర్చోలేను, చదువు మానడానికి అదీ ఒక కారణం. లేచి ఒడ్డుకి పోయి, ఇఫీరాకి పడవ నడిపే ఏబెల్‌ని మా మామయ్యని చూశావా అని అడిగాను.

"ఇందాకే దింపొచ్చాను. కచేరీ ఉన్నప్పుడల్లా నా పడవేగా. ఒక్కోసారి అటూ ఇటూ నాలుగైదు సార్లు తిప్పిస్తాడు. అడిగితే చెప్పడు" అన్నాడు ఏబెల్.

పడవెక్కాను. అవతల ఒడ్డున ఆటుకి నీళ్ళు వెనక్కి తీసి ఉన్నాయి, పడవ ఇసక దాకా రాలేదు. మోకాలి లోతులో దిగి నడిచాను. ఆ తడి పంట్లాం కథ నాకక్కడే అర్థమైపోయింది.

దీవి మొత్తం పార్కులోనే ఉంది. మిగిలినవి కోళ్ళూ కుక్కలూ. లేమాస్ అవ్వ ఇల్లు నీటివైపు తిరిగి ఉంటుంది. దాని వెనక వంటిల్లు, వంటింటి వెనక అరటి చెట్లు. ఆ చెట్ల మధ్య, రేకుగోడకి వీపు ఆనించి, గొంతుక్కూర్చుని, ఫోను చెయ్యెత్తి ఆకాశానికి పట్టుకుని ఉన్నాడు మా ఓబెద్ మామయ్య. కనబడ్డ చర్మమంతా దోమకాట్లే.

"ఇక్కడేం చేస్తున్నావు?" అన్నాను.

నోటిమీద వేలు పెట్టుకున్నాడు. తర్వాత, "ఆవిడ..." అని ఆగిపోయాడు. చెప్పకూడదు కదా. గోడ అవతలికి గడ్డంతో చూపించాడు.

తొంగి చూశాను. వరండాలో కుర్చీలో అవ్వ కూర్చుని ఉంది. చెప్పులు విడిచి, రెండు పాదాలూ చెక్కనేల మీద బల్లపరుపుగా ఆనించి, చేతికర్ర పట్టుకుని పార్కువైపు చూస్తోంది. అక్కడి ఉపన్యాసం ఇక్కడికి ఒక్క ముక్క వినబడటం లేదు. పాటలూ అంతే. గొంతులూ యుకలేలీలూ అన్నీ ఊరివైపే పోతాయి. నీళ్ళు దాటి వెనక్కి రాగలిగేది ఒక్క బేసే. అదీ గట్టిగా ఉంటేనే.

మామయ్య నోరు విప్పడు, నేను అడుగుతుంటే తలాడిస్తాడు. అలా ఊడలాగాల్సి వచ్చింది. ఆవిడ పడవెక్కలేదు కనక కొడుకు వాయింపు దగ్గరుండి విని ఏళ్ళయింది, అంతేనా? తల ఊపాడు. బేస్ ఆ చెక్కనేలకి అందితే ఆవిడ కర్రతో తాళం వేస్తుంది, ఆ చప్పుడు గోడవతలనుంచి నువ్వు వింటావు? ఊపాడు. చప్పుడు రాకపోతే పడవెక్కొచ్చి పత్రిస్ లాంటివాళ్ళ పీక పట్టుకుంటావు? గట్టిగా ఊపాడు. ఇదంతా అత్తయ్యకి చెప్పలేక తాగుబోతువనిపించుకున్నావు? దీనికి తల ఊపలేదు. దోమని కొట్టుకున్నాడు.

(తర్వాత ఇదంతా అత్తయ్యకి నేనే చెప్పాను. ఆవిడ నమ్మలేదు. ఆయన చొక్కా తీయించి వాసన చూసింది. తెల్లారి లాప్‌లాప్‌లో కోడి ముక్కలు రెట్టింపు పడ్డాయి.)

నేను అల్లుణ్ణి కాదు కదా. ముందువైపునుంచి వరండా ఎక్కి అవ్వకి దణ్ణం పెట్టాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఓబెద్ మేనల్లుడివి కదూ. వంటింటి వెనకాయనకి దోమల చుట్ట వెలిగించి పెట్టించాను. ఆరిపోయిందేమో చూడు" అంది.

గోడ వెనక అరటాకు ఏదో ఫెళ్ళున విరిగింది.

"నీకు తెలుసా అవ్వా?"

"కాళ్ళు పోయాయి గానీ కళ్ళున్నాయిగా. కచేరీ ఉన్నప్పుడల్లా నా అరటిచెట్లు దగ్గుతాయి. తెలుసని బయటపెడితే సిగ్గుపడి రావడం మానేస్తాడు. మానేస్తే నా కొడుకు నాకు వినబడడు. అందుకని తెలీనట్టే ఉన్నాను."

ఇందాక వినబడిందా అని అడిగాను. లేదంది. ఉత్తినే కర్ర కొట్టి ఆయన్ని పంపించేద్దామా, పోయి చూసుకుంటాడు పాపం అనుకుందట. కానీ దొంగతాళం ఆ చెవికి దొరికిపోతుందట.

పొద్దు వాలుతోంది. రెండో వంతుకి ఎంతో సమయం లేదు. నేను వెనక్కెళ్ళి మామయ్యని లేవదీశాను. నువ్వెళ్ళు, నేనిక్కడ కూర్చుంటానన్నాను. పార్కులో అడుగు పెట్టనని మాటిచ్చానన్నాడు.

"పార్కులో పెట్టొద్దంది. సముద్రంలో పెట్టొద్దనలేదు. వేదిక వీపు నీళ్ళవైపే ఉంది. ఏబెల్ పడవ గోడ దాకా పోతుంది. అక్కణ్ణుంచి పత్రిస్‌కి నీ గొంతు చాలదా?"

గొంతు సంగతి ఆలోచిస్తున్నట్టు నిలబడ్డాడు. ఇంకో చిక్కు, ఫోన్లు పనిచెయ్యవు. వినబడకపోతే నేను ఏదైనా ఎత్తి ఊపాలి, వాళ్ళకి దూరంనుంచి కనబడాలి. తీగ మీద అవ్వ ఎర్రపూల గౌను ఆరేసి ఉంది. తీసి వెదురుకర్రకి కట్టబోయాను. మామయ్య హడలిపోయి మొహం చేతుల్లో దాచుకున్నాడు. పిల్లనిచ్చిన అత్త గౌను ఆయన చూడకూడదు. చివరికి నా చొక్కా విప్పి కట్టాను.

పడవ చుక్కంతయింది. అవ్వా నేనూ పక్కపక్కన కూర్చున్నాం. ఆవిడ నన్నూ చెప్పులు విప్పమంటే విప్పాను. పార్కులో దీపాలు వెలిగాయి. పాట మొదలయ్యే ఉండాలి, జనం చేతులు ఊగుతున్నాయి. నేలమీద ఏమీ లేదు. అవ్వ కర్ర కదల్లేదు. నేను లేచి చొక్కా ఊపాను. భుజాలు పడిపోయేదాకా ఊపాను.

అవతల జరిగింది ఏబెల్ తర్వాత చెప్పాడు. పడవ వేదిక వెనక గోడకి ఆనుకుని ఆగింది. జనానికి ఏనాడూ కనబడని కల్మెత్ అక్కణ్ణుంచి అందరికంటే ముందున్నాడు, చెయ్యి చాపితే అందేటంత దగ్గర. మామయ్య పడవలో లేచి నిలబడి, పార్కులో ఉన్న పత్రిస్‌కి బేస్ తక్కువైందని విన్నవించుకున్నాడు. ఆ గొంతుకి పడవ వెనక్కి జరిగింది. కల్మెత్ తిరిగి చూశాడు. బావ. నీళ్ళలో పడవ మీద, దోమకాట్లతో, తననే చూస్తూ. వాయిస్తూ వాయిస్తూనే పెట్టెని కాలితో తోసి తిప్పేసుకుని, ఊరికి వీపు పెట్టి, సముద్రంవైపు నిలబడ్డాడు. పత్రిస్ మైకు పట్టుకుని అటు పరిగెత్తాడట, మీట తిరిగినంత మేర తిప్పి ఇంకొకడికి అప్పగించి.

నాకు తెలిసింది ఒకటే. ముందు నా అరికాళ్ళు ఝుమ్మన్నాయి. తర్వాత వరండా చెక్కలు. వాటివెంట గోడకి తగిలించిన పళ్ళేలు. పక్కన అవ్వ కర్ర లేచింది, పడింది. లేచింది, పడింది. ఆవిడేమీ కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. చెవి ఒక పక్కకి ఒంచి చాలాసేపు విని, "ఇవాళ తొందరపడట్లేదు వాడు. ఎవరికో విడమరిచి చెప్తున్నట్టు వాయిస్తున్నాడు" అంది.

చీకటి పడుతుండగా మామయ్య తిరిగొచ్చాడు. ఇంటి ముందుకి రాలేదు, మామూలుగా వంటింటి వెనకే ఆగాడు. నేను వరండా చివర, ఇద్దరి మధ్యా నిలబడ్డాను.

ఎలా ఉందని అడిగాను. పొగడ్త వస్తుందనుకున్నాను.

"వాడు నాలుక బయటపెట్టి వాయిస్తాడురా" అన్నాడు. "ఇంత నాలుక. కళ్ళు పైకి తేలేసి, గాలానికి పడ్డ చేపలాగ. ఇన్నాళ్ళూ ఆ పదిమందినీ అడ్డంగా నిలబెట్టి దేవుడు ఎంత మేలు చేశాడో ఇవాళ తెలిసింది."

అవ్వకి స్పష్టంగా వినబడింది. అయినా అల్లుడితో నేరుగా మాట్లాడకూడదు కనక నావైపు తిరిగింది.

"ఆయనతో చెప్పు. వాడి నాన్నా అంతే. నేను ఆయన వాయింపు చీకట్లో విని మనసుపడి పెళ్ళికి ఒప్పుకున్నాను. వాయిస్తుండగా వెలుతురులో మొహం చూసేసరికి అప్పటికే పెళ్ళి విందుకి పందిని కోసేశారు."

నేను గోడవైపు తిరిగి, ఒక్క మాట పొల్లుపోకుండా, ఆయన విననట్టే మళ్ళీ అప్పజెప్పాను.

అత్తగారి మాటకి అల్లుడు నవ్వడం కూడా కూడదు. అరటిచెట్ల మధ్య మా ఓబెద్ మామయ్య టోపీ తీసి నోట్లో కుక్కుకున్నాడు. రేకుగోడ మాత్రం చాలాసేపు ఊగుతూనే ఉంది.